అలిగిన నాటి బతుకమ్మ

“నాలుగు కూతలు రాగానే కట్టెయ్యమన్నాను. మీరు మూడింటికే కట్టేశారు,” అంది విజయదుర్గ, కుక్కరు మూత తీసి పప్పును గరిటెతో నొక్కి చూస్తూ.

“నాలుగే వచ్చాయి.” పట్టాభి పేపరులోంచి తలెత్తలేదు.

“మూడే. స్నానం చేస్తూ లెక్కపెట్టాను.”

“నీళ్ళ చప్పుడులో ఒకటి వినపడి ఉండదు.”

“పప్పుకీ వినపడలేదా మరి? చూడండి, ఎక్కడి బద్ద అక్కడే ఉంది.”

హాల్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న కోటేశ్వరమ్మ విసుక్కుంది. “మూడున్నర అనుకోండర్రా, గొడవ వదిలిపోతుంది.”

“సగం కూత ఉండదు అత్తయ్యా.”

“ఉండదులే తల్లీ. నీ దగ్గర ఏదీ సగం ఉండదు.”

కూతురు అమల చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి నవ్వింది. “నాన్నా, ఒప్పేసుకోండి. రచయిత్రి గారితో మనకెందుకు?”

విజయదుర్గ కుక్కరు మళ్ళీ స్టవ్ మీదకి ఎక్కించింది. తన చిరాకు పప్పు మీద కాదని ఆమెకీ తెలుసు. రెండు రోజులుగా కాలు ఒకచోట నిలవడం లేదు. తుడిచిన గట్టే తుడుస్తోంది, మడిచిన దుప్పటే మళ్ళీ మడుస్తోంది, మధ్యమధ్యలో ఫోన్ తీసి అదే పేజీ చూసుకుంటోంది.

ఆ పేజీలో ఆమె కథ ఉంది.

తెనాలిలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ పత్రికలో రెండు కథలు రాసింది. ఆ తర్వాత పెళ్ళి, దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురం, అమల, అత్తగారి మోకాళ్ళ ఆపరేషన్. చూస్తుండగానే ఇరవై మూడేళ్ళు. ఈ వేసవిలో ఎవరికీ చెప్పకుండా ఒక కథ రాసి, విజయవాడ నుంచి వచ్చే ఒక మాసపత్రిక పోటీకి పంపింది. మూడో బహుమతి వచ్చింది. దసరా ప్రత్యేక సంచికలో వేస్తున్నారు. శుక్రవారం పేజీ కూర్చి ఫోన్‌కి పంపారు. తప్పులుంటే సోమవారం సాయంత్రంలోగా చెప్పమన్నారు, ఆ తర్వాత ప్రెస్సుకి వెళ్ళిపోతుందట.

కోచింగ్ కాలేజీలో లెక్కలు చెప్పే పట్టాభి ఆ పేజీని స్టాఫ్ గ్రూపులో పెట్టేశాడు. కోటేశ్వరమ్మ సంగతి సరేసరి. ఏదో ఒక వంక పెట్టకుండా కోడలి పేరు ఎత్తని మనిషి, శనివారం కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడిలో ప్రదక్షిణలు మానేసి మరీ “మా కోడలు కథలు రాస్తుంది, పుస్తకంలో పడుతోంది” అని తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ చెప్పి వచ్చింది. ఆ మాట అమల నోట విని, విజయదుర్గ వంటింట్లో ఒక్కతే నిలబడి చాలాసేపు పంపు కట్టడం మర్చిపోయింది.

కథ పేరు “ఆరోనాటి పూలు”. బతుకమ్మ కథ. హయత్‌నగర్ అవతలి ఒక ఊళ్ళో సుగుణ అనే పేదింటి కోడలు. తొమ్మిది రోజుల పండగలో రోజూ సాయంత్రం ఆడవాళ్ళు బతుకమ్మలు తెచ్చి వాకిట్లో పెడతారు, పక్కన నైవేద్యం గిన్నె పెడతారు. అటుకులనీ, ముద్దపప్పనీ, నానబెట్టిన బియ్యమనీ, అట్లనీ రోజుకొకటి. సుగుణకు పూలకి లోటు లేదు, గట్ల మీద తంగేడు ఊరికే పూస్తుంది. గిన్నెలో పెట్టడానికే ఇంట్లో ఏమీ లేదు. ఐదు రోజులూ తలుపు చాటునే నిలబడుతుంది. ఆరోనాడు మాత్రం ఎవరూ నైవేద్యం పెట్టరు. ఆ ఒక్క సాయంత్రం సుగుణ తన బతుకమ్మను నెత్తిన పెట్టుకుని వాకిట్లోకి నడిచి వస్తుంది, అందరితో సమానంగా. కథకు గుండెకాయ అదే.

రాసేటప్పుడు ఆమె దేన్నీ ఊహకి వదల్లేదు. గునుగు పువ్వు తెలుపా గులాబీయా అని కొత్తపేట రైతుబజారులో పూలమ్మే ఆమెను అడిగింది. ఏ రోజు ఏ నైవేద్యమో నెట్‌లో వెతికి రాసుకుంది. సుగుణ పుట్టింటికి వెళ్ళే దారిలో బస్సు ఎక్కడ ఆగుతుందో కూడా కనుక్కుంది. ఇంకా ఒక్క పరీక్ష మిగిలిందనిపించింది. కింద పోర్షన్‌లో ఇంటివాళ్ళున్నారు. బిక్షమయ్య, పెంటమ్మ హయత్‌నగర్ అవతలి ఊరి నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్ళు. పద్నాలుగేళ్ళుగా విజయదుర్గ వాళ్ళు పైన కిరాయికి ఉంటున్నారు. ఏటా ఆ వాకిట్లోనే బతుకమ్మ ఆడతారు. కథలోని వాకిలి నిజానికి ఆ వాకిలే.

ఆదివారం కాబట్టి పెంటమ్మ కోడలు శ్రీకళకు బడి లేదు. దగ్గర్లోని ప్రైవేటు స్కూల్లో టీచరు. భోజనాలయ్యాక విజయదుర్గ కిందికి దిగి ఫోన్ శ్రీకళ చేతిలో పెట్టింది.

“నువ్వే చదివి వినిపించు. పెద్దమ్మ ఏమంటారో చూద్దాం.”

“జర మెల్లగ సదువు,” అంది పెంటమ్మ, కాళ్ళు చాపి గోడకు ఆనుకుని, దూదితో వత్తులు చేసుకుంటూ. “నీ బడిపోరగాండ్లకు సదివినట్టు ఉరికురికి సదవకు.”

శ్రీకళ గొంతు బాగుంటుంది. మొదటి పేరా అయ్యేసరికి పెంటమ్మ వత్తులు చేయడం ఆపేసింది. సుగుణ తలుపు చాటున నిలబడినచోట “అయ్యో బిడ్డా” అంది. నానేబియ్యం రోజున అత్త, “నువ్వు లోపలే ఉండు, నలుగురిలో మన పరువు తీయకు,” అన్నచోట కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “గట్లనే అంటరు. మా అత్త గూడ గట్లనే అన్నది,” అంది. విజయదుర్గకు ఒళ్ళు పులకరించింది. ఇది చాలు, బహుమతి ఎవరిక్కావాలి అనుకుంది.

శ్రీకళ ఆరోనాడు దగ్గరికి వచ్చింది. సుగుణ బతుకమ్మ పేర్చింది. నెత్తిన పెట్టుకుంది. వాకిట్లోకి వచ్చింది. శ్రీకళ గొంతు కాస్త తడబడింది, అత్త వైపు ఒకసారి చూసి మళ్ళీ చదివింది.

పెంటమ్మ కళ్ళు ఆరిపోయాయి. కథ అయ్యేదాకా మర్యాదగా విన్నది, పక్కింటివాళ్ళ పెళ్ళి వీడియో చూసినట్టు. అయిపోయాక వత్తులు మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

“మంచిగ రాసినవ్ బిడ్డా,” అంది. “గాని ఇది ఏ ఊరు?”

“మీ వైపే పెద్దమ్మా. హయత్‌నగర్ అవతల.”

“మా దిక్కు గాదు. మీ దిక్కు ఊరేమో అనుకున్న.”

“మా వైపు బతుకమ్మ లేదు కదా.”

పెంటమ్మ శ్రీకళ ముఖం చూసింది. శ్రీకళ నేల చూసింది.

“అక్కా,” అంది శ్రీకళ మెల్లగా, “ఆరోనాడు బతుకమ్మ ఆడరు. పేర్చనే పేర్చరు. అది అలిగిన బతుకమ్మ.”

“నైవేద్యం పెట్టరని చదివాను...”

“తల్లే లేకుంటే ఎవరికి పెడ్తరు?” అంది పెంటమ్మ. “ఎన్కట ఎవరో మాంసం తిన్న చేత్తోని ముట్టిన్రంట, నీసు తాకిందని అలిగింది. ఆ దినం పువ్వు ముట్టం. పోయినేడు నువ్వు పైనుంచి సూడలే? పద్నాలుగేండ్ల సంది సూస్తున్నవ్ గద?”

ఆ అడగడంలో ఎత్తిపొడుపు లేదు. అందుకే మరీ గుచ్చుకుంది.

పైకి వచ్చి తలుపేసుకుని ఫోన్‌లో ఫొటోలు తెరిచింది. నాలుగేళ్ళవి ఉన్నాయి. కేలండర్లు వెతికి, అమావాస్య నాటి నుంచి రోజులు లెక్కపెట్టింది. ప్రతి ఏడూ బాల్కనీ నుంచి తీసిన వాకిలి ఉంది, పూల వరసలున్నాయి, చుట్టూ తిరిగే చీరల రంగులున్నాయి. ఆరోరోజున మాత్రం ఒక ఏడు గ్యాసు బిల్లు. ఒక ఏడు అమల హాల్ టికెట్. ఒక ఏడు మాడిపోయిన ఇస్త్రీ పెట్టె తీగ. ఒక ఏడు ఏమీ లేదు. ఒక్క సాయంత్రం ఆ వాకిలి బోసిగా ఉండడం నాలుగేళ్ళూ ఆమె కళ్ళముందే జరిగింది. వాన పడిందేమో అనుకుందో, ఏమీ అనుకోలేదో, ఇప్పుడు గుర్తు కూడా లేదు.

సాయంత్రం అందరూ హాల్లో ఉండగా పట్టాభితో చెప్పింది.

“ఇంతేనా?” అన్నాడు అతను. “ఆరు తీసి ఏడు పెట్టు. పేరు కూడా ‘ఏడోనాటి పూలు’ అవుతుంది, బాగానే ఉంది.”

“ఏడోనాడు నైవేద్యం ఉంటుంది. బియ్యప్పిండితో వేపకాయల్లా చేసి పెడతారు. సుగుణ దగ్గర అదీ ఉండదు. మళ్ళీ తలుపు చాటునే ఉండిపోతుంది.”

“అలాగే వదిలెయ్ పోనీ. లెక్కలో స్టెప్పులన్నీ కరెక్టయితే చివర ఒక అంకె పోయినా మార్కులు వేస్తాం.”

“ఇది చివర పోయిన అంకె కాదండీ. దీని మీదే కథంతా నిలబడింది.”

“ఫిక్షన్ కదమ్మా,” అంది అమల. “సుగుణే లేదు. లేని మనిషి లేని రోజున ఆడితే ఏం?”

విజయదుర్గకు పెంటమ్మ కళ్ళు ఆరిపోవడం ఒక్కటే కనిపిస్తోంది. ఐదురోజుల దాకా సుగుణ ఉంది. పెంటమ్మకు తన అత్త గొంతు వినపడేంతగా ఉంది. ఆ ఒక్క తప్పు దగ్గర సుగుణ మాయమైపోయింది.

సోమవారం ఇంట్లో ఎవరి దారిన వాళ్ళు వెళ్ళగానే ఆమె చెప్పులేసుకుంది. పెంటమ్మ వాళ్ళ ఊళ్ళో ఆడకపోవచ్చు. ఇంకెక్కడో ఆడుతుండవచ్చు. ఒక్క ఊరైనా దొరికితే కథను అక్కడికి మార్చెయ్యొచ్చు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే ఎల్బీనగర్ మూడో స్టేషను. ఆ కాసేపు కూడా కూర్చోలేక తలుపు దగ్గరే నిలబడింది. ఎల్బీనగర్ చౌరస్తా పక్కన బంతిపూలు, చామంతులు కుప్పలు పోసుకుని వరసగా ఆడవాళ్ళు కూర్చుంటారు. తలా ఒక ఊరి నుంచి తెల్లారుగట్ల బస్సెక్కి వచ్చేవాళ్ళు. మొదటామె దగ్గర పావుకిలో పూలు కొని అడిగింది.

“ఆరోనాడా? ఆడరు.”

రెండో ఆమెది ఇబ్రహీంపట్నం వైపు. “ఆడరు.”

మూడో ఆమె నవ్వింది. “ఎందుకమ్మా, మీ ఇంట్ల ఏమన్న మొక్కున్నదా?”

“లేదు. ఒక కథ కోసం.”

“ఏం కత?”

చెప్పక తప్పలేదు. పూలవాళ్ళు ముగ్గురూ చెవులు రిక్కించారు. మూడో ఆమె తడిగుడ్డ పిండి పూల మీద కప్పుతూ అంది, “చూడమ్మా, ఆ తొమ్మిది దినాలు మాకు నీళ్ళు తాగ పురసతుండది. ఆరోనాడొక్కటే ఎవ్వరు కొనరు. నేను ఆ దినం ఇంటికాడనే ఉంట. పొద్దుగాల తలకు పోసుకుని పండుకుంట. ఏడాది మొత్తంల నేను పగటిపూట పండేది ఆ ఒక్కదినమే.”

“మా తోటికోడలు ఆ దినమే మాట కలుపుతది,” అంది రెండో ఆమె. “మిగిలిన దినాలు దానికి నాకు పోటీ, ఎవరిది పెద్దగ పేర్చిన్రు అని. ఆ దినం పేర్చుడు లేదు, పోటీ లేదు. చాయ్ తాగుతం.”

“మల్ల తెల్లారి?” అంది మొదటామె.

“తెల్లారి మల్ల షురువే!”

ముగ్గురూ పకపకా నవ్వారు. విజయదుర్గ కూడా నవ్వింది. పూలు మోసేవాళ్ళు, పూలతో పోటీపడేవాళ్ళు ఆ ఒక్కరోజు ఏం చేస్తారన్నది తనకు తట్టనైనా తట్టలేదు. తను ఆ రోజును అందంగా నింపేసింది. వాళ్ళకి అది ఖాళీగా ఉండటంలోనే ఏదో ఉంది. అదేమిటో మాత్రం ఇంకా అందడం లేదు. మూడు ముక్కలు విని తెలిసిపోయిందనుకుంటే, మళ్ళీ బాల్కనీలో నిలబడ్డట్టే.

స్టేషను మెట్ల పక్కన నీడ చూసుకుని సంపాదకుడు జోగారావు గారికి ఫోన్ చేసింది. చెప్పిందంతా ఆయన ఓపిగ్గా విన్నాడు.

“అమ్మా, నేను ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను,” అన్నాడు. “పాఠకుడు కథ చూస్తాడు, కేలండరు చూడడు. ఆ చివరి సన్నివేశం నాకెంత నచ్చిందో తెలుసా? బొమ్మ కూడా దానికే వేయించాం.”

“మీ పత్రిక తెలంగాణలో ఎంతమంది చదువుతారు సార్?”

“మా పాఠకుల్లో సగం మందికి తక్కువుండరు.”

“వాళ్ళలో బతుకమ్మ ఆడిన ప్రతి ఆడమనిషికీ ఇది తెలుసు సార్. పేరు దగ్గరే ఆగిపోతారు.”

అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

“పోనీ, ‘ఇది కల్పితం’ అని కింద చిన్న అక్షరాల్లో వేద్దాం.”

“కల్పించింది సుగుణని సార్. పండగని కాదు. పండగ వాళ్ళది.”

“మార్చి రాయగలరా సాయంత్రానికి?”

చౌరస్తాలో బస్సులు హారన్లు కొడుతున్నాయి. ఆమె ఒక చెవి మూసుకుంది. మార్చవచ్చు. ఆ పూలవాళ్ళ మాటలు అతికించి, సుగుణ చేత తోటికోడలితో చాయ్ తాగించవచ్చు. నాలుగు గంటల పని. కానీ మళ్ళీ విని రాసిందే అవుతుంది. నైవేద్యం పెట్టరని సగం చదివి రాసినట్టే.

“లేదు సార్. సాయంత్రానికి కాదు.”

“అయితే ఈ పేజీల్లో ఇంకొకరి కథ వెయ్యాలి. బహుమతి కూడా తర్వాతి వాళ్ళకి వెళ్తుంది. వచ్చే దసరా మాట నేను ఇవ్వలేనమ్మా. అప్పటికి ఎవరుంటారో, పత్రిక ఏమవుతుందో. ఐదింటిదాకా చూస్తాను. ఆలోచించుకుని చెప్పండి.”

ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. వచ్చేసరికి కోటేశ్వరమ్మ ఫోన్‌లో గుడివాడ చెల్లెలితో మాట్లాడుతోంది. “అవునే, మా దుర్గే! ముందునుంచీ చురుకైన పిల్లే,” అంటోంది. విజయదుర్గ చెప్పులు విడిచి అక్కడే గుమ్మంలో నిలబడిపోయింది. మూడున్నర అయింది. బియ్యం కడిగింది. బీరకాయలు చెక్కు తీసింది. నాలుగున్నరకు ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్ళీ గట్టు మీద పెట్టింది. బాల్కనీలోకి వెళ్ళి కిందికి చూసింది. పెంటమ్మ వాకిలి ఊడుస్తోంది. పైనుంచి చూస్తే ఆమె తల పాపిట, చీపురు, దుమ్ము మాత్రమే కనిపిస్తున్నాయి. ముఖం కనిపించదు. ఇన్నేళ్ళూ తను చూసింది ఇదే.

ఐదుకు పది నిమిషాలుండగా ఫోన్ చేసింది. నిమిషం కూడా మాట్లాడలేదు.

రాత్రి ఎనిమిదింటికి అందరికీ వడ్డించి, ఎప్పుడూ ఆఖర్న తినే మనిషి, తను కూడా కంచం పెట్టుకుని కూర్చుంది. అమల వింతగా చూసింది. పట్టాభి బీరకాయ పచ్చడి కలుపుకుంటూ, “మా ప్రిన్సిపాల్ నీ పుస్తకం పది కాపీలు కావాలన్నాడు, స్టాఫ్‌కి పంచుతాడట,” అన్నాడు.

“వద్దని చెప్పండి. కథ వెనక్కి తీసేసుకున్నాను.”

కోటేశ్వరమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“వెనక్కి తీసుకోవడమేంటి?” అన్నాడు పట్టాభి. “ఆయన వద్దన్నాడా?”

“ఆయన వేస్తానన్నాడు. నేనే వద్దన్నాను. బహుమతి కూడా రాదు.”

“ఒక్క రోజు తేడాకి!” కోటేశ్వరమ్మ గొంతు పగిలింది. “గుళ్ళో నేను తలెత్తుకునేదెలా? గుడివాడ దానికి ఏం చెప్పను? మొదటిసారి నీ గురించి గొప్ప చెప్పుకున్నానే!”

ఆ మాట అన్నాక కోటేశ్వరమ్మకే ఎలాగో అనిపించి కంచంలోకి చూసుకుంది. విజయదుర్గకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“తెలుసు అత్తయ్యా. అందుకే ఐదింటిదాకా తేల్చుకోలేకపోయాను. కానీ అది అచ్చయి వస్తే ముందు చదివేది కిందింట్లో శ్రీకళ. వినేది పెంటమ్మగారు. ఆవిడ మళ్ళీ ‘మంచిగ రాసినవ్ బిడ్డా’ అంటారు. ఆ మాట నేను ఇంకోసారి వినలేను.”

అమల చారు గిన్నె తల్లి వైపు జరిపింది.

“ఇంకో సంగతి,” అంది విజయదుర్గ. “వచ్చే అమావాస్య నుంచి తొమ్మిది సాయంత్రాలూ నేను కిందే ఉంటాను. పూలు తెంపే దగ్గర నుంచి. పెంటమ్మగారిని అడిగేశాను. రమ్మన్నారు.”

“ఆరోనాడు ఏమీ ఉండదంటివి కదే? ఆ రోజు కూడానా?”

“ఆ రోజు ముఖ్యంగా. ఏమీ లేనప్పుడు వాళ్ళు ఎలా ఉంటారో నాకు తెలీదు అత్తయ్యా. అది చూడకుండా సుగుణని మళ్ళీ బయటికి తీసుకురాలేను.”

పట్టాభి పచ్చడి ముద్ద మింగి, గొంతు సవరించుకున్నాడు. “మరి ఆ తొమ్మిది రోజులూ సాయంత్రం ఇక్కడ వంట?”

“మీది,” అంది విజయదుర్గ, చారు వడ్డించుకుంటూ.